నూట యాభై అడుగుల లోపల

జితేందర్ ప్రభుత్వం వాళ్ళు కాలికి బిగించిన నిఘా పట్టీని వంటింటి కత్తెరతో కోసేసుకుని కెనడా పారిపోయాడట. పోతూ పోతూ ఆ పట్టీని పెరట్లో చెట్టుకొమ్మకి తగిలించి పోయాడట. మనిషి చెట్టు దగ్గరే ఉన్నాడనుకుని ఆఫీసర్లు రెండు రోజుల దాకా కదల్లేదట.

ఈ మాట నేను విన్నది వర్జీనియాలో, షాంటిలీ అనే ఊళ్ళో మేము సరుకులు తెచ్చుకునే ఇండియన్ స్టోర్‌లో, కరివేపాకు ప్యాకెట్ల దగ్గర. చెప్తున్నది గిరిజ ఆంటీ. వింటున్నావిడ ఎవరో నాకు తెలియదు.

"చలికాలమంతా ఆ చెట్టుకే ఫోటోలు తీశాడంట. ఎందుకనుకున్నావ్? ప్లానింగ్! ఏ కొమ్మ ఆగుతుందో, ఏ కొమ్మ విరుగుతుందో చూసుకున్నాడు."

"అమ్మో! చూస్తే అమాయకుడిలా ఉండేవాడే?"

"అంత ఖరీదు కెమెరా మెళ్ళో వేసుకున్న అమాయకుణ్ణి ఎక్కడైనా చూశావా నువ్వు?"

నలుగురిలో నాకు నోరు పెగలదు. రెండు కరివేపాకు ప్యాకెట్లు బుట్టలో వేసుకుని వచ్చేశాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

జితేందర్‌ది జగిత్యాల. ఎమ్మెస్ చదవడానికి వచ్చి, 2012 ఆగస్టులో మా బేస్‌మెంట్‌లో అద్దెకు దిగాడు. మా ఆయన శ్రీహర్షని అన్నా అంటాడు కాబట్టి నన్ను వదినా అన్నాడు. నిజానికి నాకంటే మూడేళ్ళు పెద్ద. నేను బీకామ్ రెండో సంవత్సరంలో పెళ్ళయి పుస్తకాలు మూసి వచ్చినదాన్ని. అతను మెట్ల మీద చదువుకుంటూ కనిపిస్తే గిన్నెలు చప్పుడు కాకుండా తోమేదాన్ని.

ఏడాది చదువు అయ్యాక, 2013 అక్టోబర్‌లో అతని యూనివర్సిటీని ప్రభుత్వం మూయించింది. వీసా నిబంధనలు పాటించలేదన్నారు. తప్పు చేసింది యాజమాన్యం. పట్టీలు పడ్డది పిల్లల కాళ్ళకి. అందరికీ కాదు, కొందరికి. నవంబర్‌లో ఆఫీసరమ్మ ఒకావిడ వచ్చి జితేందర్ కుడికాలి మడమ పైన అగ్గిపెట్టెలు రెండు కలిపినంత నల్లటి పరికరం బిగించింది. బేస్‌మెంట్ గోడకి ఒక పెట్టె తగిలించి ప్లగ్ పెట్టింది. కాలి పరికరం ఆ పెట్టెకి నూట యాభై అడుగుల లోపల ఉండాలి. దాటితే పెట్టె కూస్తుంది, ఆఫీసుకి కబురు పోతుంది. సరుకులకీ లాయర్ దగ్గరికీ వారానికి రెండు గంటలు మాత్రం సెలవు.

జితేందర్ వేరే కాలేజీకి మారడానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. పట్టీ ఉన్నన్నాళ్ళూ ఒక్క తప్పు కూడా నమోదు కాకపోతేనే దాన్ని చూస్తామన్నారు. ఒక్కటి పడిందా, చదువు అంతటితో సరి. బిగించిన రోజున ఆఫీసరమ్మ అతన్ని వెనకవైపు నడవమంది. నడిచాడు. ఇంటి వెనక అందరిదీ అయిన గడ్డి నేల ఉంది, అది దిగువకి కాలువ దాకా పోతుంది. మధ్యలో ఒక పొట్టి చెట్టు, రేగుపండంత ఎర్రకాయలు కాస్తుంది. మేముండేదీ అద్దెకే, అది క్రాబ్‌యాపిల్ అని ఇంటి ఓనరు చెప్పింది. ఆ చెట్టు దాటి పది అడుగులు వేశాక పెట్టె కూసింది. జితేందర్ ఒక ఇటుక తెచ్చి అక్కడ పెట్టుకున్నాడు.

స్నేహితులు రావడం ఆ వారంలోనే ఆగిపోయింది. పెట్టె మాటలు కూడా వింటుందని ఎవరో చెప్పారట. ఒకబ్బాయి ఫోన్ నంబర్ కూడా మార్చేశాడు. మా ఆయనకీ సలహాలు వచ్చాయి. "నీది హెచ్‌వన్ వీసా, ఎందుకొచ్చిన గొడవ, ఖాళీ చేయించెయ్" అని. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఖాళీ చేయించనూ లేదు.

కెమెరా జితేందర్ బావది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో తన మెడలోది తీసి ఇతని మెడలో వేశాడట, అక్కకి ఫోటోలు పంపమని. అందులో టైము ఇండియాదే ఉంది, ఇతను మార్చలేదు. మా వంటింట్లోనూ రెండు గడియారాలున్నాయి, ఒకటి ఇక్కడిది, ఒకటి అక్కడిది. అమ్మకి ఫోన్ చేసే ముందు అది చూసుకుంటాను. కాబట్టి నాకు అది వింతగా అనిపించలేదు.

డిసెంబర్ రెండో వారంలో ఒక రాత్రి పడ్డ వాన నీళ్ళుగానే పడి, కొమ్మ తగలగానే గడ్డకట్టింది. తెల్లారి కిటికీలోంచి చూస్తే క్రాబ్‌యాపిల్ చెట్టుకి ఎవరో గాజు పోత పోసినట్టుంది. ప్రతి రెమ్మకీ ఒక గాజు గొట్టం, ప్రతి కాయకీ ఒక గాజు గుడ్డు. గాలి వీస్తే గలగలమంటోంది. జితేందర్ సాక్సుల మీద హవాయి చెప్పులేసుకుని పరుగున వెళ్ళి టపటపా ఫోటోలు తీశాడు. సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని పైకి వచ్చాడు.

మా ఆయన చూసి, "ఇదేంట్రా, ట్యూబ్‌లైట్‌కి ఫోటో తీశావా?" అన్నారు.

నిజంగానే అలా ఉంది. ఫ్లాష్ పడి మంచు మీద తెల్లటి మరక తప్ప ఏమీ లేదు.

"మంచిగ రాలేదన్నా. మల్ల పడ్తది కదా ఐసు," అన్నాడు జితేందర్.

ఆ మాటతో మొదలైంది. అతనికి పని లేదు, క్లాసులు లేవు, వెళ్ళడానికి చోటు లేదు. నూట యాభై అడుగుల లోపల చూడదగ్గది ఆ ఒక్క చెట్టే. ఒక నోటుబుక్కు పెట్టాడు. ప్రతి ఫోటోకీ ఏం తప్పయిందో తెలుగులో ఒక ముక్క రాసేవాడు. టీ కప్పులు తీసుకోవడానికి కిందికి వెళ్ళినప్పుడు అది బల్ల మీద తెరిచి ఉండేది. 'ఫ్లాష్ వద్దు.' 'వెనకాల తెల్ల ఆకాశం పెడితే ఐసు కనపడది.' 'ఊపిరి బిగబట్టకపోతే అద్దం మసక.' ఒకసారి కెమెరాని చలిలోంచి నేరుగా లోపలికి తెచ్చేసరికి ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా దానికి ఒళ్ళంతా చెమట పట్టింది. పొద్దంతా పనిచేయలేదు. అప్పటినుంచి బయటే జిప్ కవర్లో పెట్టి, కవరుతో సహా తెచ్చి, గంట ఆగి తీసేవాడు. చలికి బ్యాటరీ తొందరగా పోతుందని రెండో బ్యాటరీని బనియన్ లోపల పెట్టుకునేవాడు.

మంచు ఫోటోలు చాలా రోజులు సిమెంటు రంగులో వచ్చాయి. అది ఎందుకో కనిపెట్టిన రోజు మెట్లెక్కి వచ్చి మరీ చెప్పాడు.

"కెమెరాకు తెలుపంటే భయం వదినా. తెల్లది కనపడంగనే చీకటి చేస్తది. మనమే ఒక మెట్టు వెలుతురు పెంచి, ఏం గాదు, తెల్లదే అని దానికి ధైర్యం చెప్పాలె."

ఆ మాట చాలా రోజులు నా చెవిలో ఉంది.

జనవరిలో మళ్ళీ మంచు పోత పోసింది. ఈసారి కొమ్మ వెనక నల్లటి గుడ్డ ఉంటే బాగుంటుందన్నాడు. అడిగింది నన్ను కాదు, మా ఆయన్ని. నా నల్ల చున్నీ ఇచ్చాను. దాన్ని రెండు కర్రలకి కట్టి కొమ్మ వెనక నిలబెట్టాడు. పావుగంటలో అది తడిసి, గడ్డకట్టి, గాలికి పలకలా ఊగి చెట్టుని కొట్టడం మొదలుపెట్టింది. మంచిమంచి కాయలు మూడు రాలిపోయాయి. చున్నీని రెండు చేతులా పళ్ళెంలా పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాడు.

"తప్పయింది వదినా. మీ చున్నీ అప్పడమైంది."

నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. ఆ చలికాలంలో అతను నవ్వగా చూసింది ఆ ఒక్కసారే. నవ్వుతూ కిందికి చూసుకున్నాడు, పైజామా అంచు కింద పట్టీ పైన తడి గడ్డకట్టి ఉంది. నవ్వు ఆగిపోయింది.

గుడ్డ పనిచేయదని తేలాక చెట్టు చుట్టూ తిరిగి వెతికాడు. పొద్దున పూట ఒక పక్కనుంచి వంగి చూస్తే కొమ్మ వెనక కాలువ గట్టు నీడ పడుతుంది, అది నల్లగా ఉంటుంది. స్టూలు మీద రెండు పౌండ్ల బియ్యం సంచీ పెట్టి, దాని మీద కెమెరా ఒత్తి పెడితే కదలదు. ఇలా ఒక్కొక్కటే దొరికించుకున్నాడు. ఎండ మాత్రం దొరకలేదు. మంచు పట్టిన రోజున ఎండ రాదు, ఎండ వచ్చిన రోజున మంచు ఉండదు.

అసలు అందమైనవి మాత్రం ఇటుకకి అవతలే ఉన్నాయి. కాలువ ఒడ్డున తెల్ల బెరడు చెట్లు ఏడెనిమిది వరసగా. మంచు బరువుకి అవి నీళ్ళ మీదికి వంగి పందిరి కట్టినట్టుంటాయి. ఇటుక నుంచి ముప్ఫై అడుగులుంటుందేమో. అతను వాటివైపు చూడకుండా ఉండటానికి స్టూలుని ఎప్పుడూ అటు వీపు పెట్టి వేసుకునేవాడని నేను కిటికీలోంచి గమనించాను.

ఫిబ్రవరిలో పెద్ద వాన వచ్చింది. సాయంత్రం నుంచి పడుతూనే ఉంది. ఎనిమిదింటికి కరెంటు పోయింది. పెట్టెలో సొంత బ్యాటరీ ఉంటుంది, పది గంటలు ఆగుతుందని చెప్పారు. పొద్దున ఆరింటికి జితేందర్ పైకి వచ్చి తలుపు కొట్టాడు.

"అన్నా, పెట్టె లైటు పోయింది."

మా ఆయన సెల్‌లోంచి ఆఫీసు నంబరుకి చేశారు. మంచు కారణంగా ఆఫీసు మూసి ఉంది, సందేశం పెట్టమని రికార్డింగ్ వచ్చింది. పెట్టారు. మళ్ళీ చేశారు, మళ్ళీ అదే. పెట్టె చచ్చిపోతే ఆఫీసులో కంప్యూటర్‌కి మనిషి కనపడడు. కనపడని మనిషి ఇంట్లో ఉన్నాడో ఊరు దాటాడో దానికి తెలియదు. తప్పు పడుతుంది.

"లోపలే కూర్చో, కదలకు. ఎవరైనా అడిగితే ఇంట్లోనే ఉన్నాడని నేను చెప్తాను," అన్నారు మా ఆయన.

"నువ్వేం జెప్తవన్నా. నీ భయం నీకున్నది." కోపంగా అనలేదు. "లోపల కూసుంటె నేనున్ననని ఎవలకెరుక? చెట్టుకాడ నిలవడితే నలుగురన్న చూస్తరు."

కెమెరా, స్టూలు, బియ్యం సంచీ పట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి ఇంకా సరిగా వెలుతురు రాలేదు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ పూట నాకు వేరే పని లేదు. ఉన్నా చేసేదాన్ని కాదు.

ఏడు కాకముందే మొదలుపెట్టాడు. పది నిమిషాలకోసారి, అయిదు నిమిషాలకోసారి. నలుగురు చూస్తారన్నాడు కానీ ఆ చలిలో ఎవరూ బయటికి రాలేదు. ఎక్కడో కొమ్మలు విరిగి పడుతున్న చప్పుడు తుపాకీ పేలినట్టు వినిపిస్తోంది. పదింటికి, ఎవరూ అనుకోనిది, మబ్బు విడిపోయి ఎండ వచ్చింది.

కాలువ ఒడ్డు చెట్లు ఒక్కసారిగా వెలిగాయి. వంగిన ప్రతి కొమ్మా కొసదాకా మెరిసింది. ఇంత దూరం నుంచి చూస్తుంటే నాకే కళ్ళు చెదిరాయి. జితేందర్ లేచి నిలబడ్డాడు. కెమెరా పట్టుకుని ఇటుక దాకా నడిచాడు. ఒక కాలు ఇటుక మీద పెట్టాడు.

పెట్టె చచ్చిపోయింది. అడుగు వేస్తే కూసేది ఏదీ లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. చూస్తున్నది నేనొక్కదాన్నే, నేను ఎవరికీ చెప్పే మనిషిని కాదు. అది కూడా అతనికి తెలిసే ఉంటుంది.

ఎంతసేపటికీ కాలు ఇటుక మీద అలాగే ఉంది. మాది గ్యాస్ పొయ్యి. టీ పెట్టి, స్టీలు గ్లాసులో పోసుకుని, నేనే బయటికి వెళ్ళాను. కాలి కింద మంచు పెళుసుగా విరుగుతోంది. గ్లాసు అందుకున్నాడు, నావైపు చూడలేదు.

"వెళ్ళరా?" అన్నాను.

"పోదామనే వచ్చిన వదినా." టీ ఒక గుక్క తాగాడు. "కాలు లేస్తలేదు. పెట్టె సచ్చింది గని, నా కాలుకు ఆ ముచ్చట తెలుస్తలేదు."

టీ తాగి గ్లాసు ఇచ్చేసి, వెనక్కి తిరిగి, క్రాబ్‌యాపిల్ దగ్గరికి వెళ్ళాడు. బియ్యం సంచీ సర్దాడు. ఎండ పక్కనుంచి పడుతోంది. గట్టు నీడ వెనక నల్లగా ఉంది. మంచు ఇంకా కరగలేదు. ఇన్నాళ్ళు వెతికినవన్నీ ఒకచోటికి వచ్చాయి. వంగి, ఊపిరి బిగబట్టి, ఒకటి తీశాడు. కెమెరా వెనక తెరలో చూసుకుని, "వచ్చింది," అన్నాడు. అంతే. సంతోషం లేదు ఆ గొంతులో.

ఆ ఫోటో నేను చూశాను. ఒకే ఒక్క ఎర్రకాయ. దాని చుట్టూ మంచు, మంచు లోపల వెంట్రుకంత పగులు. కింద ఒక బొట్టు, జారడానికి సిద్ధంగా ఉండి జారనిది.

మధ్యాహ్నం మూడున్నరకి కరెంటు వచ్చింది. అప్పటిదాకా చెట్టు దగ్గరే ఉన్నాడు.

రెండు రోజులకి ఆఫీసరమ్మ వచ్చింది. వంటింట్లో కూర్చుంది. ఆమె మాటలు ఇంగ్లీషులోవే, నాకు అర్థమైనంత రాస్తున్నాను. ఆరింటి నుంచి మూడున్నర దాకా నువ్వెక్కడున్నావో రికార్డు లేదు, చెప్పు, అంది. జితేందర్ కెమెరా ఇచ్చాడు. ఒక్కొక్క ఫోటో కింద తారీఖూ టైమూ చూస్తూ ఆమె కనుబొమలు ముడిచింది.

"ఇది సాయంత్రం ఐదూ ఇరవైకి తీసింది. ఇది ఐదున్నరకి. అప్పటికి కరెంటు వచ్చేసింది. నేనడిగేది పొద్దున సంగతి."

జితేందర్ వంగి తెర మీద టైము చూశాడు. అది మార్చలేదన్న సంగతి అతనికే గుర్తు లేదు. తర్వాత మెల్లగా, "అది ఇండియా టైము మేడమ్," అన్నాడు.

"నువ్వుండేది వర్జీనియాలో."

"అవును మేడమ్."

"వర్జీనియాలో ఉండి కెమెరాలో ఇండియా టైము ఎవరు పెట్టుకుంటారు?"

మా ఆయన గోడవైపు చెయ్యి చూపించారు. ఆమె తల తిప్పి రెండు గడియారాలూ చూసింది. తన చేతి వాచీ చూసుకుంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"పదిన్నర గంటలు. ఆ అర ఎందుకు?"

మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

ఆమె మళ్ళీ కెమెరా తీసుకుని డిసెంబర్ నుంచి చూసుకుంటూ వచ్చింది. పట్టపగలు ఎండలో, వెలుతురులో తీసినవాటి కింద కూడా రాత్రి టైములున్నాయి, అన్నీ పదిన్నర గంటలు ముందే. తర్వాత నావైపు తిరిగి, నువ్వు ఇతన్ని చూశావా అని అడిగింది. "ఎస్. ఆల్ డే," అన్నాను. అమెరికా వచ్చాక బయటి మనిషితో నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

లేచి పెరట్లోకి వెళ్ళింది. ఇంటి నుంచి చెట్టు దాకా మంచు తొక్కి తొక్కి బురదై ఉంది. ఇటుక అవతల మంచు మీద పిట్ట కాలి ముద్ర తప్ప మరేదీ లేదు. ఇటుక దగ్గర నిలబడి చాలాసేపు రాసుకుంది. విద్యుత్ లోపం, తప్పు నమోదు చేయడం లేదు, అని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. కారెక్కబోతూ అడిగింది.

"నూట పన్నెండు ఫోటోలు. అన్నీ ఒకే కొమ్మా?"

"ఒకే కొమ్మ మేడమ్."

ఏప్రిల్‌లో పట్టీ తీసేశారు. తీసింది వాళ్ళ ఆఫీసులో, వాళ్ళ కత్తెరతో. జితేందర్ సంతకం చేసి కాగితం తెచ్చుకున్నాడు. మడమ పైన చర్మం నల్లబడి, వెంట్రుకలు రాలిపోయి, పట్టీ ఇంకా ఉన్నట్టే కనిపించేది. మే నెలలో గడ్డి కోసేవాళ్ళు వచ్చి ఇటుకని ఎక్కడో పారేశారు. అతను మాత్రం నడకకి వెళ్తే చెట్టు దాటి పది అడుగులకి వెనక్కి తిరిగేవాడు.

తప్పు ఒక్కటీ పడలేదు కాబట్టి దరఖాస్తు తీసుకున్నారు. చేరాల్సిన కాలేజీలో క్లాసులు ఆగస్టులో మొదలయ్యాయి, దరఖాస్తు మాత్రం కదల్లేదు. కంప్యూటర్లో చూస్తే పెండింగ్ అని వస్తుంది. అది తేలేదాకా చదవకూడదు, పని చేయకూడదు, ఇల్లు మారకూడదని లాయర్ చెప్పాడు. దేశం దాటితే అది దానంతటదే రద్దవుతుంది. జగిత్యాలలో అక్కకి కొడుకు పుట్టాడు, ఫోన్‌లో చూశాడు. గుడికి వెళ్తే ఇంకా తేలలేదా అని అడుగుతారని గుడికి వెళ్ళడం మానేశాడు. ఆ అడిగేవాళ్ళే, కొన్నాళ్ళు కనపడకపోయేసరికి, కెనడా అన్నారు.

ఇవాళ డిసెంబర్ పద్నాలుగు, 2014. గిరిజ ఆంటీ వాళ్ళిల్లు మాకు నాలుగు వీధుల అవతల. ఆమె గానీ మరొకరు గానీ ఒక్కసారి వచ్చి తలుపు కొట్టి ఉంటే తెలిసేది. జితేందర్ ఎక్కడికీ పోలేదు. మా బేస్‌మెంట్‌లోనే ఉన్నాడు.